నమలెడి బిడ్డను దండింపకుడు
నమలదగిన నగలును, పంచాయతీ సభ్యుల బాధ్యతయు

గ్రామములోని బడికి పోయి ఒక తరగతిని కొంతసేపు శ్రద్ధగా పరిశీలించినచో, చొక్కా మెడపట్టీని నోటబెట్టుకొని నములుచున్న బాలుడో, జడకుచ్చులను కొరుకుచున్న బాలికయో మనకు కంటబడవచ్చును. ఆ మెడపట్టీ ఎల్లప్పుడును తడిసియుండును. దాని అంచు పోగులు పోగులుగా ఊడియుండును. పెన్సిలు చివర పంటిగాట్లతో నిండియుండును. చేతికిచ్చిన బలపము సగము వ్రాతకును, సగము నోటికిని పోవును. ఇట్టి పిల్లలను మనము మొండివారనియు, పాడలవాటు పడినవారనియు అనుచుందుము. వ్రేళ్లకు వేపాకు ముద్ద పూయుట, పెదవులకు కారము రాయుట, నలుగురిలో ఎగతాళి చేయుట, చివరకు కొట్టుట - ఇవి మన పల్లెలలో చిరకాలముగా సాగుచున్న చికిత్సలు.

ఈ చికిత్సలవలన కొందరు పిల్లలు నమలుట మానియుండవచ్చును. కాని మరికొందరికి నమలుట అలవాటు కాదు, అవసరము. అట్టి బిడ్డ నోటినుండి ఒక వస్తువును లాగివేసినచో మరియొక దానిని వెదకుకొనును; ఏదియు దొరకనిచో తన చేతినే కొరుకుకొనును. కావున అట్టి బిడ్డకు కీడు చేయని నమలెడి వస్తువు ఏది, దానిని ఎట్లు వాడవలెను, ఆ బిడ్డకు గ్రామ పంచాయతీ ఏమి చేయగలదు అను విషయములను ఈ పాఠములో తెలిసికొందము.

నోటికి ఈ ఆరాటమేల?

శిశువు లోకమును మొదట నోటితోనే తెలిసికొనును. ఆరవ మాసము ప్రాంతమున పాలపండ్లు మొలచుట ఆరంభమగును. మూడవ యేడు నిండునప్పటికి సామాన్యముగా ఇరువది పండ్లును వచ్చును. ఈ కాలములో దొరికిన ప్రతి వస్తువును నోటబెట్టుకొనుట సహజము. ఆ పిమ్మట ఈ గుణము క్రమముగా తగ్గును. ఐదారేండ్లు దాటినను తగ్గనిచో, లేక తగ్గినది మరల పెరిగినచో, కారణము వెదకవలెను.

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను పంచేంద్రియములను మనమెరుగుదుము. ఇవి గాక శరీరమునకు మరి రెండు తెలివిడులు కలవు. ఒకటి లోచెవిలో నుండి శరీరము ఒరిగినదో, నిలిచినదో తెలుపునది. రెండవది కండరములును, కీళ్లును మెదడునకు ఎడతెగక పంపెడి వార్త. దీపము లేకున్నను అన్నపుముద్ద తిన్నగా నోటికే చేరుచున్నది. నెత్తిన నీళ్లబిందె పెట్టుకొన్న స్త్రీ తన పాదముల వంక చూడకయే పొలము గట్టు దాటుచున్నది. ఇవి ఈ రెండు తెలివిడుల వలననే సాధ్యమగుచున్నవి.

మన దవడ కండరములు మిక్కిలి బలమైనవి. గట్టి వస్తువును నమలునపుడు వానినుండియు, దవడ కీలునుండియు మెదడునకు బలమైన వార్త పోవును. ఆ వార్త కొందరి మనస్సును కుదుటపరచును. పెద్దలలోను ఈ గుణము లేకపోలేదు. లెక్క తేలక కలము కొనను కొరికెడి గుమాస్తాను, గడ్డిపరక నములుచు వాన కొరకు మొగము పైకెత్తు రైతును మనము చూచినవారమే. పెద్దలకు అది కొద్దిపాటి ఊరట. ఇంద్రియముల వార్తలు సరిగా పొసగని బిడ్డకు అది పెద్ద ఆధారము. తరగతిలో గోల హెచ్చినపుడు, క్రొత్తవారు వచ్చినపుడు, పరీక్ష వ్రాయునపుడు అట్టి బిడ్డ ఎక్కువగా నమలుటకు కారణమిదియే.

ఇంద్రియముల వార్తలను మెదడు కూర్చుకొను విధమును గూర్చి విశేషముగా కృషి చేసిన విదుషి అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన వృత్తిచికిత్సా నిపుణురాలు ఎ. జీన్ అయర్స్ (1920-1988). ఆమె ఈ విషయముపై 1972లో ప్రచురించిన గ్రంథము తరువాతి వృత్తిచికిత్సకులకు మార్గదర్శకమైనది. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథపు ఐదవ కూర్పులో, ధ్వనికిని స్పర్శకును మితిమించి గాని, మిక్కిలి తక్కువగా గాని స్పందించుటను ఆటిజము లక్షణములలో నొకటిగా చేర్చిరి.

ఆటిజము గల పిల్లలలోను, మనస్సు నిలువక అతిచురుకుదనము చూపు పిల్లలలోను, బుద్ధి వికాసము మందగించిన పిల్లలలోను, మిక్కిలి బెదరు స్వభావము గల పిల్లలలోను ఈ నమలెడి గుణము కనబడుచుండును. అంతమాత్రమున నమలెడి ప్రతి బిడ్డకును ఆటిజము కలదని తలచుట తప్పు. ఆ నిర్ణయము వైద్యులది.

నమలదగిన నగ అనగా నేమి?

నమలెడి బిడ్డల కొరకు అమెరికా, బ్రిటను మున్నగు దేశములలో ఒక విధమైన నగలను తయారుచేయుచున్నారు. ఇప్పుడవి ఇంటర్నెట్ అంగళ్ల ద్వారా మన దేశమునను లభించుచున్నవి. ఇవి ఆహారమునకు వాడదగిన సిలికానుతో చేయబడును. పాలసీసా పీకలు, కేకు అచ్చులు చేయు పదార్థమిదియే. మెడలో వేలాడు పతకము, చేతికి తొడుగుకొను కంకణము, పెన్సిలు చివర బిగించు తొడుగు - ఇవి వీనిలో ముఖ్యమైన రకములు.

నగ రూపమున చేయుటలో ఒక మంచి ఆలోచన కలదు. ఎనిమిదేండ్ల బాలుడు పసిబిడ్డల పండ్లరబ్బరును చేతబట్టుకొని బడికి పోయినచో తోడిపిల్లలు నవ్వుదురు. మెడలో పతకమున్నచో నవ్వువారుండరు. వస్తువు ఎల్లప్పుడును అందుబాటులో నుండును. నేలబడి మురికి కాదు. బిడ్డ గౌరవమునకు భంగము రాదు. వికలాంగుల సేవలో గౌరవమే మొదటి సూత్రమని పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనవలెను.

సిలికాను నగలు మెత్తనివి, గట్టివి, మిక్కిలి గట్టివి అని పలు తరగతులుగా అమ్మబడుచున్నవి. గుడ్డ అంచును చప్పరించుటతో తృప్తిపడు బిడ్డకు మెత్తనిది చాలును. పెన్సిలును రెండు ముక్కలుగా కొరికెడి బిడ్డకు మెత్తనిది ఇచ్చినచో దానిని తెంపి ముక్కను మ్రింగు ప్రమాదము కలదు. అట్టివానికి గట్టిదే తగినది. ముందుపండ్లతో కొరికెడి బిడ్డకు పలుచని పతకము చాలును. దవడపండ్లతో నమలెడి బిడ్డకు లోపలివరకు అందునట్టి పొడవైన ఆకారము కావలెను. ఏది తగునో తేల్చుకొనుటకు వృత్తిచికిత్సకుని సలహా మేలు.

ఈ నగ మందు కాదు. ఇది ఆటిజమును నయము చేయదు, మాటలు రప్పింపదు. అమెరికా శిశువైద్యుల సంఘము 2012లో ప్రకటించిన విధానపత్రములో, ఇంద్రియ సంబంధమైన చికిత్సలను సమగ్ర చికిత్సలో ఒక భాగముగా వాడవచ్చుననియు, వాని ఫలితములను గూర్చిన పరిశోధన పరిమితమనియు తెలిపినది. కావున ‘ఈ నగతో ఆటిజము పోవును’ అని ఎవరైనను చెప్పి అమ్మజూపినచో నమ్మరాదు. చొక్కాకు బదులు శుభ్రమైన వస్తువు, చేతికి బదులు నొప్పి లేని వస్తువు - ఈ నగవలన కలుగు మేలు ఇంతయే. ఆ బిడ్డకును, ఆ తల్లికిని ఇది చిన్న మేలు కాదు.

మెడత్రాటి ప్రమాదము

మెడలో త్రాడున్నచోట ప్రమాదమున్నది. అమెరికా ఆహార ఔషధ పరిపాలనా సంస్థ 2018 డిసెంబరులో ఒక హెచ్చరికను వెలువరించినది. పసిపిల్లలకు పండ్లు వచ్చునపుడు వేయు నమలెడి హారములను, కంకణములను గూర్చియే గాక, ఆటిజము మున్నగునవి గల వారు ధరించు నగలను గూర్చియు ఆ హెచ్చరిక చెప్పినది. పదునెనిమిది నెలల బిడ్డ నిద్రలో నుండగా మెడలోని పూసలదండ బిగిసి మరణించినట్లును, ఏడు నెలల బిడ్డ కొయ్యకంకణపు పూస గొంతున అడ్డుపడి ఊపిరాడక ఇబ్బందిపడినట్లును అందులో పేర్కొనబడినది. కావున ఈ క్రింది నియమములు తప్పక పాటింపదగినవి.

1. మూడేండ్ల లోపు బిడ్డ మెడలో నమలెడి నగను గాని, ఏ విధమైన పూసలదండను గాని వేయరాదు. పండ్లు వచ్చు బిడ్డకు శుభ్రముగా కడిగిన వ్రేలితో చిగుళ్లను రుద్దుట మేలు.

2. పెద్ద బిడ్డకు వేయు నగ త్రాటికి, గట్టిగా లాగినంతనే విడిపోవు కొక్కెము ఉండవలెను. కొనగానే లాగి పరీక్షింపవలెను. గట్టి నూలుత్రాడు, నైలాను త్రాడు కట్టుట ప్రాణాపాయము.

3. నిద్రించునపుడు, ఊయల ఊగునపుడు, చెట్లెక్కునపుడు, సైకిలు తొక్కునపుడు నగను తీసివేయవలెను. బిడ్డ దానిని నమలునపుడు పెద్దల చూపు బిడ్డపై నుండవలెను.

4. పూసలు గ్రుచ్చిన నగకంటె ఒకే ముక్కగా పోతపోసిన నగ మేలు.

5. ప్రతిదినము సబ్బు నీటితో కడుగవలెను. పగులు గాని, చిరుగు గాని కనబడిన దినముననే పారవేయవలెను. ఒక బిడ్డ నగను మరియొక బిడ్డకు ఇయ్యరాదు.

మెడలో త్రాడు వలదనుకొనువారు చేతబట్టుకొను నమలెడి గొట్టమును, లేదా పెన్సిలు తొడుగును వాడవచ్చును.

రంగులోని విషము

నమలెడి బిడ్డకు సీసము పెద్ద శత్రువు. సీసము ఏ కొద్దిపాటి మోతాదులోనైనను క్షేమకరము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది బిడ్డ మెదడును దెబ్బతీయును. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన దేశములో 2016లో నియమములు చేయబడినవి. అంతకు పూర్వము వేసిన రంగులు పాత కిటికీలపై, ఊచలపై, పాత ఆటవస్తువులపై నేటికిని ఉండవచ్చును. పెచ్చులూడుచున్న రంగును నమలెడి బిడ్డకు అందనీయరాదు.

పదునాలుగేండ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్రను మన దేశములో విధించిరి. జాతరలో అంగడిపై పోసి అమ్మెడి ముద్రలేని ప్లాస్టికు సరకును నమలెడి బిడ్డకు కొనరాదు. మన ఏటికొప్పాక లక్కబొమ్మలు సహజమైన రంగులకు పేరుగన్నవి. ఐనను అవి ఆడుకొనుటకు చేసినవేగాని నమలుటకు చేసినవి కావు. బలముగా కొరికెడి బిడ్డ కొయ్యను పెచ్చులుగా ఊడదీయగలడు.

పొలమున దొరకు డ్రిప్పు గొట్టపు ముక్క, సైకిలు ట్యూబు ముక్క, గ్యాసు గొట్టపు ముక్క నమలుటకు అనుకూలముగా కనబడును. ఇవి నోటికొరకు చేసినవి కావు. పొలములోని గొట్టములకు ఎరువుల, పురుగుమందుల అవశేషములు అంటియుండవచ్చును. ఆటబొమ్మలలోను, గడియారములలోను ఉండు గుండీ బ్యాటరీలు అన్నిటికంటె భయంకరమైనవి. మ్రింగిన రెండు గంటలలోనే అవి అన్ననాళమును కాల్చివేయగలవు. అట్టి అనుమానము కలిగినచో తెల్లవారువరకు ఆగక తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఖర్చు లేని మార్గములు

నగ కొనుటకు కొన్ని వందల రూపాయలగును. కొనలేనివారు నిరాశపడ నక్కరలేదు. దవడలకు పని కల్పించు ఆహారము మన ఇండ్లలోనే కలదు. జొన్నరొట్టె, కాల్చిన మొక్కజొన్న కంకి, దోరజామపండు, పొడవుగా కోసిన దోస, క్యారెట్ ముక్కలు, ఎండుకొబ్బరి ముక్క - ఇవి బడికి పోవుటకు ముందును, విరామ సమయమునను ఇచ్చినచో కొందరు పిల్లలలో మెడపట్టీ నమలుట తగ్గును. ఐదేండ్లలోపు బిడ్డలకు వేరుసెనగ గింజలు, వేయించిన సెనగలు వంటి గట్టి గింజలనీయరాదు. కొబ్బరి, క్యారెట్ వంటివానిని తురిమి గాని, ఉడికించి గాని ఈయవలెను. సరిగా మ్రింగలేని బిడ్డ విషయమున వైద్యుని అడుగక ఏ గట్టి ఆహారమును ఈయరాదు.

చిక్కని మజ్జిగను గొట్టముతో పీల్చుట, ఈలవేయుట, సబ్బుబుడగలు ఊదుట నోటికి మంచి పనులు. శరీరమునకు బరువైన పని కల్పించుటయు మేలే. వయస్సునకు తగినట్లు నీళ్లచెంబులు మోయుట, తరగతిలో బల్లలు సర్దుట, త్రాడులాగు ఆట - వీనివలన కండరములకు కావలసిన వార్త అందును. శుభ్రమైన నూలుపట్టీని మణికట్టునకు వదులుగా తొడిగి, చొక్కాకు బదులు దానిని నమలనీయవచ్చును. ఆ పట్టీని పోగులు ఊడకుండ చూచుచు, దినదినమును మార్చి ఉతుకవలెను.

నమలుట వేరు, మన్ను తినుట వేరు

మన్ను, సున్నము, బలపము, బియ్యపురాళ్లు మ్రింగెడి బిడ్డకు నగ ఇచ్చుట ప్రథమ చికిత్స కాదు. రక్తములో ఇనుము కొరతపడినవారిలో ఇట్టి కోరిక తరచుగా కనబడును. మట్టివలన నులిపురుగులు చేరి రక్తహీనతను పెంచును. అట్టి బిడ్డకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినట్లు ఇనుము మందును, నులిపురుగుల మందును ఈయవలెను. నులిపురుగుల నిర్మూలన దినము మన దేశములో 2015లో ఆరంభింపబడినది. పుచ్చుపంటి నొప్పి, చిగుళ్లవాపు, బడిలో ఎవరైనను బెదరించుట కూడ హఠాత్తుగా నమలుటకు కారణములు కావచ్చును. కావున మొదట కారణమును వెదకి, పిమ్మట నగను గూర్చి ఆలోచింపవలెను.

ఏడాది నిండినను పేరు పిలిచిన తిరిగిచూడని బిడ్డను, ఏడాదిన్నరకు వ్రేలితో వస్తువులను చూపని బిడ్డను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకని బిడ్డను, వచ్చిన మాటలు పోయిన బిడ్డను ఆలస్యము చేయక వైద్యునకు చూపవలెను. ‘మేనమామకు కూడ మాటలు ఆలస్యముగానే వచ్చినవి’ అని ఊరడించుకొని సంవత్సరములు గడుపుటవలన అమూల్యమైన కాలము చేజారును.

పంచాయతీ ఏమి చేయగలదు?

ఇది ఇంటి విషయము గదా, పంచాయతీకేల అని కొందరు అడుగవచ్చును. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను అది పేర్కొన్నది. అందు 25వది స్త్రీ శిశు అభివృద్ధి. 26వది వికలాంగుల, బుద్ధిమాంద్యము గలవారి సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము. కావున ఈ బిడ్డ పంచాయతీ బిడ్డయే.

మొదటి పని గుర్తించుట. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు పిల్లలను పరీక్షించుటకు వైద్యబృందములు ఏర్పడినవి. ఇవి అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారు రావలసియున్నది. బృందము వచ్చు దినమును వార్డు సభ్యుడు ముందుగా తెలిసికొని, పొలము పనికి పోవు తల్లులకు తెలియజేయవలెను. ఆ దినమున బడికి రాని బిడ్డయే తరచుగా పరీక్ష కావలసిన బిడ్డయని మరువరాదు. ఎదుగుదలలో లోపము కనబడిన బిడ్డలను ఈ బృందములు జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును.

రెండవది చేర్పించుట. తెలుగు రాష్ట్రములు రెండింటను మండల స్థాయిలో ‘భవిత’ కేంద్రములు కలవు. ప్రత్యేకావసరములు గల పిల్లలకు అచ్చట శిక్షణ ఇత్తురు. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల పిల్లల పరీక్షలకును, సలహాలకును ప్రసిద్ధి చెందినది.

మూడవది హక్కులను ఇప్పించుట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను గుర్తించినది. ఆటిజము వానిలో నొకటి. నలువది శాతమునకు తక్కువగాని వైకల్యము ధ్రువపడిన బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్యను ఆ చట్టము హక్కుగా ఇచ్చినది. వైకల్య ధ్రువపత్రమునకును, విశిష్ట గుర్తింపు కార్డునకును దరఖాస్తు పెట్టుటలో చదువురాని తలిదండ్రులకు సభ్యులు తోడ్పడవలెను. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికి జాతీయ న్యాసము వారి ‘నిరామయ’ ఆరోగ్యబీమా ద్వారా లక్ష రూపాయల వరకు రక్షణ లభించును.

నాలుగవది దండనను ఆపుట. పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది. వికలాంగుని నలుగురిలో ఉద్దేశపూర్వకముగా అవమానించుట 2016 చట్టము 92వ సెక్షను ప్రకారము నేరము. పాఠశాల కమిటీ సమావేశములో సభ్యులు ఈ విషయము ప్రస్తావించి, వైద్యుని సలహాపై నమలెడి నగ ధరించిన బిడ్డను తరగతిలో దానిని తీసివేయుమని నిర్బంధింపకుండ ఉపాధ్యాయులతో మాటలాడవలెను. ఆటల వేళ దానిని తీసి భద్రపరచు బాధ్యతను ఒకరికి అప్పగింపవలెను.

ఐదవది గోప్యత. గ్రామసభలో విషయమును గూర్చి మాటలాడవచ్చును. ఏ బిడ్డ పేరును ఎత్తరాదు. తలిదండ్రులతో వారి ఇంటివద్ద, మెల్లగా, తప్పు మోపకుండ మాటలాడవలెను. ‘మీ పెంపకము చాలలేదు’ అను మాటను ఆ తల్లి ఇదివరకే పలుమారులు వినియుండును. సభ్యుడు ఆమెతో చెప్పవలసినది వేరు: ‘అమ్మా, బిడ్డ తప్పు లేదు, నీ తప్పు లేదు, వైద్యునకు చూపింతము, నేను వెంట వచ్చెదను.’

సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో ఐదేండ్లు దాటినను నమలుట మానని పిల్లలను గుర్తించుటకు అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల తోడ్పాటు ఎట్లు పొందవచ్చును?

2. నమలెడి బిడ్డకును, మన్ను తినెడి బిడ్డకును చేయవలసిన సహాయములో భేదమేమి?

3. మెడలో వేయు నమలెడి నగ విషయమున పాటింపవలసిన ఐదు నియమములు ఏవి?

4. మన బడిలోను, అంగన్‌వాడీలోను రంగు పెచ్చులూడిన కిటికీలు, బల్లలు ఎన్ని కలవు? వానిని బాగుచేయించుటకు పంచాయతీ ఏమి చేయవలెను?

5. బాల స్వాస్థ్య బృందము క్రిందటిమారు మన గ్రామమునకు ఎప్పుడు వచ్చినది? ఆ దినమున రాని పిల్లలెవ్వరు? వారిని మరల చూపించు భారము ఏ సభ్యుడు వహించును?